బుధవారం రండి, ఆదివారం దిగండి: పొట్టంగి కొండల మీద నాలుగు రోజులు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, పొట్టంగి దగ్గర మా ఇంట్లో గదులు అద్దెకిస్తాం. ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది ఒకే మాట అడుగుతారు. "శుక్రవారం రాత్రికి వచ్చి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోతామండీ. దేవమాలి కొండ, డుడుమ జలపాతం, గుప్తేశ్వరం గుహ, కొరాపుట్ గుడి, అన్నీ చూసేయొచ్చు కదా?"

చూడలేరు. ఆ మాట ఫోన్లోనే చెప్పేస్తాను. వీలుంటే బుధవారం సాయంత్రానికి రమ్మంటాను. ఎందుకంటే ఈ కొండల్లో చూడాల్సినవి సంతవారాన్ని బట్టి ఉంటాయి. గురువారం ఒనకఢిల్లీ సంత, శుక్రవారం కుందులి సంత. శుక్రవారం రాత్రి వచ్చేవాళ్ళకి ఆ రెండూ తప్పిపోతాయి. జలపాతం ఎప్పుడొచ్చినా ఉంటుంది, కొండ ఎప్పుడొచ్చినా ఉంటుంది. మనుషులందరూ ఒక్కచోటికి దిగివచ్చేది మాత్రం వారానికి ఒక్కరోజే.

పొట్టంగి దాటాక హైవే మీంచి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఇల్లు. మూడు గదులు, ముందు వసారా, వెనక చిన్న గెడ్డ, అంటే వాగు. చుట్టూ చెట్లు తక్కువ, గడ్డి కొండలు ఎక్కువ. మా తాతగారు సాలూరు నుంచి ఎడ్లబళ్ళ మీద ఉప్పు, బట్టలు ఘాటీ ఎక్కించి, తిరుగు బండిలో చింతపండు, అల్లం దింపేవారట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కొరాపుట్ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే ఇక్కడి సంతల్లో తెలుగు ఇప్పటికీ చెల్లుతుంది. మీరు భయపడకుండా మాట్లాడొచ్చు.

గదులు అద్దెకిచ్చిన మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. విజయనగరం నుంచి వచ్చిన ఒక కుటుంబానికి, వాళ్ళు అడిగారు కదా అని, ఒక్కరోజులో దేవమాలి, కొరాపుట్, డుడుమ మూడూ రాసిచ్చాను. తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళినవాళ్ళు రాత్రి పదింటికి తిరిగొచ్చారు. మలుపుల్లో పాపకి నాలుగుసార్లు వాంతులయ్యాయి. డుడుమ చేరేసరికే చీకటి. "నీళ్ళ చప్పుడు విన్నాను మామ్మా" అంది ఆ పిల్ల. ఆ మాట నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఎవరికీ రోజుకి ఒక దిక్కు మించి చెప్పలేదు.

ముందు దారి సంగతి. విశాఖ నుంచి కొరాపుట్‌కి రోడ్డున సుమారు 200 కిలోమీటర్లు. విజయనగరం, సాలూరు మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి వస్తారు. పెట్రోలు సాలూరులోనే నింపుకోండి. ఘాటీలో ఖనిజం లారీలు ఎక్కువ. మలుపు దగ్గర ఓవర్‌టేక్ చేయొద్దు, ఎక్కే లారీకి దారి ఇవ్వండి. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి నాలుగింటికల్లా సాలూరు దాటి ఉండాలి. రాత్రి పొగమంచు దిగితే పది అడుగుల ముందు ఏముందో కనపడదు. అలా చిక్కుకుంటే హెడ్‌లైట్లు డిమ్‌లో పెట్టి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆగిపోండి.

రైల్లో వచ్చేవాళ్ళు ఒక పేరు దగ్గర మోసపోతున్నారు. అరకు ముందు వచ్చే షిమిలిగుడ స్టేషన్ వేరు, మాకు దగ్గరగా ఉన్న సెమిలిగుడ ఊరు వేరు. షిమిలిగుడ ఆంధ్రాలోనే, 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషనని పేరు. అక్కడ దిగిపోయి నాకు ఫోన్ చేసినవాళ్ళు ఇద్దరున్నారు. మీరు కిరండూల్ రైలెక్కి అరకు దాటి కొరాపుట్ దాకా రావాలి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగాలు లెక్కపెట్టమంటే పిల్లలకి పొద్దు తెలీదు.

బుధవారం రాత్రి తొందరగా పడుకోండి. గురువారం పొద్దున్నే ఆరింటికి బయలుదేరాలి. సెమిలిగుడ నుంచి నందపూర్ మీదుగా మాచ్‌ఖండ్ వైపు పోతాం. నందపూర్ ఒకప్పటి రాజధాని, జయపురం రాజుల పూర్వీకులు అక్కడి నుంచే ఏలారు. ముప్పై రెండు మెట్ల సింహాసనం అని ఒక రాతి కట్టడం చూపిస్తారు. పావుగంట చాలు.

ఒనకఢిల్లీ సంత పది దాటాక నిండుతుంది. కొండల మీంచి బోండా, గదబ, డిడాయీ గిరిజనులు నడిచి దిగుతారు. బోండా స్త్రీల మెడలో కడియాలు, ఒంటినిండా పూసల పేర్లు చూడగానే చేతిలోకి ఫోన్ వచ్చేస్తుంది. దయచేసి తీయకండి. ఈ విషయంలో నేను మొహమాటపడను. ఆమె సంతకి వచ్చింది సరుకు అమ్ముకోవడానికి, ఉప్పు, ఎండుచేప కొనుక్కోవడానికి. మన పెళ్ళిలోకి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి అమ్మ మొహం మీద కెమెరా పెడితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది ఆమెకి. ముందు "జుహార్" అని పలకరించండి. చీపురో, పూసల దండో, ఒక కుప్ప చింతపండో కొనండి. సరుకు కుప్పల లెక్కన, సోలల లెక్కన అమ్ముతారు, బేరం ఆడొద్దు. పది, ఇరవై నోట్లు ఎక్కువగా దగ్గర పెట్టుకోండి. కొన్నాక ఆమే నవ్వుతూ ఫొటోకి ఒప్పుకుంటే అది వేరు. బోండా ఊళ్ళలోకి తీసుకెళ్తామని ఎవరైనా అంటే మాత్రం వెళ్ళకండి. వాళ్ళ ఇళ్ళు మనకి చూసే చోట్లు కావు.

మధ్యాహ్నానికి సంత పలచబడుతుంది. అప్పుడు డుడుమకి వెళ్ళాలి. మాచ్‌ఖండ్ నది ఒక్కసారిగా 175 మీటర్లు కిందికి దూకే చోటు అది, అవతలి ఒడ్డు మన ఆంధ్రా. పైన జోలాపుట్టు దగ్గర ఆనకట్ట కట్టి, నీటిని మళ్ళించి, 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. 120 మెగావాట్ల కేంద్రం, రెండు రాష్ట్రాలూ కలిసి కట్టుకున్నది. నీళ్ళు మళ్ళిపోతాయి కాబట్టి ఎండాకాలంలో వస్తే సన్నటి ధారే కనిపిస్తుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వస్తే గొంతెత్తి పిలిచినా పక్కవాళ్ళకి వినపడదు. రాళ్ళ అంచుకి పోకండి, నాచు ఉంటుంది. నాలుగింటికి తిరుగు ప్రయాణం మొదలుపెడితే రాత్రి భోజనానికి ఇంటికొస్తారు.

శుక్రవారం దేవమాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు. ఒడిశాలో దీన్ని మించిన శిఖరం లేదు, 1672 మీటర్లు. కారు దాదాపు పైదాకా వెళ్తుంది. పైన చెట్టన్నది లేదు, వరసవరసగా గడ్డి కొండలు, మధ్యలో గాలి. వానాకాలం చివర ఆ పచ్చదనం, డిసెంబరులో గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగాక వచ్చే ఆ మెత్తని వెలుగు, రెండూ చూశాను. నన్నడిగితే డిసెంబరే. సూర్యుడు ఆరుంబావు దాటాకే పైకి వస్తాడు, కాబట్టి ఇంటి దగ్గర నాలుగున్నరకి లేచి ఐదింటికి బండి కదలాలి. మా దగ్గర పగలు ఎండ చూసి స్వెట్టర్ వదిలేసి వెళ్ళి వణికినవాళ్ళు చాలామంది. చెవులకి గుడ్డ, కాళ్ళకి సాక్సులు, ఫ్లాస్కులో టీ మర్చిపోవద్దు. కింద లోయల్లో మంచు పాలసముద్రంలా నిలబడి, మధ్యమధ్య కొండ కొనలు మాత్రమే పైకి తేలి కనిపిస్తాయి. ఏడున్నర, ఎనిమిదింటికి అది కరగడం మొదలవుతుంది. అది కరిగేదాకా ఉండండి. ఫొటో అయిపోయిందని ఆరున్నరకే దిగిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

పైన మంట వేయొద్దు. ఎండిన గడ్డి ఒక్క నిప్పురవ్వకి కొండంతా అంటుకుంటుంది. తెచ్చిన సీసాలు, కవర్లు మీరే కిందికి తెచ్చేయండి. నేను గేటు దగ్గర ఒక గోనెసంచి ఇస్తాను, నిండుగా తెస్తే సంతోషం.

దిగుతూ కుందులి సంత. ఇది ఒనకఢిల్లీ లాంటిది కాదు, పెద్ద కూరగాయల సంత. మన వైపు వ్యాపారులు లారీలతో వస్తారు. క్యాబేజీ, చిక్కుళ్ళు, అల్లం గుట్టలుగా పోసి ఉంటాయి. తెలుగు, దేశియా, కువి, ఒడియా అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. అక్కడ ఆకు దొప్పలోనో స్టీలు గిన్నెలోనో పోసే మండియా పేజ్ తాగండి. మన చోడి అంబలే, పులుపు కాస్త ఎక్కువ. పొద్దున్నుంచి చలిలో తిరిగిన కడుపుకి అంతకన్నా మంచిది లేదు. వానాకాలమైతే వెదురు కొమ్ములు కొనుక్కురండి, రాత్రి కూర చేసిపెడతాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవడమే, ఇంకెక్కడికీ వద్దు.

అక్టోబరు చివర, నవంబరులో వచ్చినవాళ్ళకి దారి పొడవునా వలిసె పూలు. కొండవాలు మొత్తం పసుపు పూసినట్టుంటుంది. అది పంట, పొలం. ఫొటో కోసం లోపలికి దిగి తొక్కకండి, గట్టు మీంచే తీసుకోండి.

శనివారం రెండు దారులున్నాయి, ఒకటే ఎంచుకోవాలి. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే కొరాపుట్. శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథ మందిరం ఊళ్ళో గుట్ట మీద ఉంది. జగన్నాథుణ్ణి మొదట నీలమాధవుడిగా కొలిచింది విశ్వావసు అనే శబర నాయకుడని కథ, ఆ పేరు అందుకే. పక్కనే గిరిజన మ్యూజియం. ఇక్కడి ఇళ్ళు, నగలు, వాయిద్యాలు, వేట సామాన్లు చూస్తే గురువారం సంతలో చూసినవి అప్పుడు అర్థమవుతాయి. తర్వాత కొలాబ్ జలాశయం. సాయంత్రం కాఫీపొడి, కాలాజీరా బియ్యం కొనుక్కోండి. ఇక్కడ కాఫీ తోటలకి 1930 ప్రాంతంలో నాంది పలికింది జయపురం మహారాజు. కాలాజీరా జీలకర్రలా నల్లటి గింజ, వండుతుంటే ఇల్లంతా వాసన. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇలాంటి దేశవాళీ విత్తనాలు కాపాడినందుకే కొరాపుట్‌కి చెందిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు.

ఓపిక ఉన్నవాళ్ళు గుప్తేశ్వరం వెళ్ళండి. కొరాపుట్ నుంచి ఘాటీ దిగితే జయపురం, అక్కడి నుంచి సాల వనాల్లో మరో గంటన్నర పైన. సంపెంగ చెట్ల మధ్య మెట్లెక్కితే సున్నపురాతి గుహ, లోపల శివలింగం. గుహలో నేల తడిగా జారుతుంది, పెద్దవాళ్ళ చెయ్యి వదలొద్దు. శివరాత్రికి మాత్రం వెళ్ళకండి, నిలబడే చోటుండదు. కింద పారేది కొలాబే. దిగువన దాన్నే శబరి అంటారు. గురువారం డుడుమలో చూసిన మాచ్‌ఖండ్ సీలేరుగా మారి, మోటు దగ్గర ఈ శబరిలో కలుస్తుంది. రెండూ కలిసి కూనవరం దగ్గర గోదావరిలోకి పోతాయి. ఆ ఒడ్డున కూర్చుని పిల్లలకి ఇది చెప్పండి, మ్యాపులో వేలుపెట్టి చూపించండి. మా మనవడికి నేను అలాగే చెప్పాను, ఇప్పుడు గోదావరి పుష్కరం మాట వచ్చినప్పుడల్లా "మన గెడ్డ నీళ్ళు కూడా ఉంటాయి" అంటాడు.

బట్టల మీద మనసున్నవాళ్ళు జయపురం దాటి కోట్‌పాడ్ కూడా అడుగుతారు. ఒకరకం చెట్టు వేళ్ళ రంగుతో ఎరుపు, ముదురు గోధుమ నూలు అద్ది నేసే చీరలు. అద్దకానికే వారాలు పడుతుంది, అందుకే ధర ఎక్కువ. అది విడిగా ఇంకొక రోజు పని, గుప్తేశ్వరంతో కలపకండి.

జూలై, ఆగస్టుల్లో ఘాటీలో కొండచరియలు పడి దారి ఆగిపోతుంటుంది. బయలుదేరేముందు నాకు ఫోన్ చేయండి, ఆరోజు పరిస్థితి చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో పోడు మంటల పొగకి దూరం కనపడదు, దేవమాలి కోసమే వచ్చేవాళ్ళు ఆ రెండు నెలలు వద్దు. దోమల మందు, మీ రోజువారీ మాత్రలు తెచ్చుకోండి. సిగ్నల్ చాలాచోట్ల పోతుంది, మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి.

ఆదివారం పొద్దున్న ఎక్కడికీ వద్దు. ఇంటి వెనక గెడ్డ వెంట అరగంట నడిస్తే పై ఊరి ఆవులు దాటే రాళ్ళు వస్తాయి. అక్కడ కూర్చోండి. పదింటికి ఇడ్లీ, అల్లం పచ్చడి పెడతాను. పన్నెండింటికి బయలుదేరితే ఎండ వెలుతురులోనే సుంకి ఘాటీ దిగి, సాలూరులో టీ తాగుతారు.