నేరకథ రాసేవాళ్లకు: తరుగు లెక్క మరవకండి

నేరకథలో రాజకీయం చెప్పాలంటే చివరి పేజీలో ఇన్‌స్పెక్టర్ చేత ఉపన్యాసం ఇప్పించకండి. ఎవరి డబ్బు ఎవరి జేబులోకి పోయిందో చూపించండి, చాలు.

మాది పలాస. అమ్మ చాలా ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. పిక్కలోని నూనె తగిలి వేళ్లు నల్లబడి, చర్మం పొరలుగా ఊడేది. అన్నం చెంచాతో తినేది. సాయంత్రం కాటా దగ్గర గుమస్తా రోజూ తూకంలో కొంత తరుగు తీసేవాడు, ఆ మేరకు కూలి తగ్గేది. అడిగితే మర్నాడు పని ఉండదు. అదే చోట పక్కింటి పిన్ని కొంగులో గుప్పెడు పప్పు దొరికితే మాత్రం పోలీసులొచ్చారు.

మీ కథ ఇలాంటి చోట మొదలుపెట్టండి. ముందు చట్టం చూడండి. కథ 1998లో జరుగుతోందనుకుందాం. పనిమనిషి యజమాని సొత్తు దొంగిలిస్తే అప్పటి శిక్షాస్మృతి 381 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. కూలిలో అన్యాయంగా కోత పెట్టిన యజమానికి 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కింద మొదటిసారి జరిమానాతో సరి. ఈ తేడాని పాత్రల చేత చెప్పించకండి. ఒకే అధ్యాయంలో స్టేషన్‌నీ, లేబర్ ఆఫీసునీ పక్కపక్కన పెట్టండి.

గుమస్తా హత్యకి గురయ్యాడనుకోండి. ఆధారం కత్తి మీద కాదు, తరుగు రాసిన చిట్టాలో దొరకాలి. పాఠకుడికి ఆ చిట్టా మీరు ముందే చూపించి ఉండాలి, లేకపోతే అది మోసం.

అన్నిటికన్నా కష్టం యజమాని పాత్ర. అతన్ని రాక్షసుణ్ణి చేశారా, కథ ఒక చెడ్డవాడి కథగా మిగిలిపోతుంది. అతనికీ బ్యాంకు అప్పు ఉంది, పిక్కల ధర పెరిగింది, పప్పు కొనే వ్యాపారి రేటు తగ్గించాడు. తరుగు తీయకపోతే పక్క ఫ్యాక్టరీ ముందు నిలబడలేడు. పిల్లల్ని ప్రేమించే మనిషే ఆ పని చేస్తాడు. లాభం మంచివాడి చేత కూడా ఏం చేయిస్తుందో అప్పుడే కనబడుతుంది. నాకు ఇది పట్టుబడడానికి మూడు కథలు చింపాల్సి వచ్చింది.

స్వీడన్ జంట మాయ్ షోవాల్, పేర్ వాలో 1965 నుంచి 1975 దాకా పది నవలలు ఇలాగే రాశారు. హంతకుడి కోసం చదివినవాళ్లకి వాళ్ల దేశం కనబడింది. మన వైపు కూలీల బతుకు ఎలా రాశారో చూడాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్లండి, ఒక రోజంతా కూర్చోండి.

ముగింపులో హంతకుడు దొరకాలి. మర్నాడు పొద్దున కొత్త గుమస్తా కాటా దగ్గర కూర్చుంటాడు. మొదటి బుట్ట తూచేటప్పుడు అతని వేలు ఎక్కడుందో రాసి ఆపేయండి.