ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఫిల్టర్ చేసినా బీడీవీ మళ్లీ పడిపోతోందా?

బీడీవీ అంటే ఆయిల్ ఎన్ని కేవీల దాకా తట్టుకుంటుందో చెప్పే కొలత. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో తరచూ వినిపించే మాట ఇది: "మొన్ననేగా ఫిల్టరేషన్ చేయించాం, బీడీవీ 60 కేవీ దాటింది. అప్పుడే 30కి దిగిపోయిందేమిటి?" తప్పు మెషిన్ వాళ్లదని తేల్చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్‌లోని తేమ దాదాపు అంతా ఉండేది వైండింగ్‌కు చుట్టిన కాగితంలోనే. ఆయిల్‌లో ఉండేది చాలా తక్కువ. ఆ కాస్త తీసేస్తే కొన్ని వారాల్లో కాగితం మళ్లీ వదులుతుంది.

కాబట్టి ఒక్క పూట ఫిల్టరేషన్‌తో పని జరగదు. ఆయిల్‌ను 60–65 డిగ్రీల దగ్గర, వాక్యూమ్ ఉన్న మెషిన్‌తో రోజుల తరబడి తిప్పాలి. వేడెక్కితేనే కాగితం నీటిని వదులుతుంది. ట్యాంకుకే వాక్యూమ్ పెట్టాలనుకుంటే అది తట్టుకుంటుందో లేదో ముందు తయారీదారు డ్రాయింగ్‌లో చూసుకోండి. శాంపిల్ తీసిన ప్రతిసారీ ఆయిల్ ఉష్ణోగ్రత రాయండి. అది లేకపోతే పాత రీడింగ్‌తో పోల్చి లాభం లేదు.

తేమ ఎటునుంచి వస్తోందో బ్రీదర్ (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలిలోని తేమను పీల్చే సిలికా జెల్ డబ్బా) చెబుతుంది. నీలం సిలికా జెల్ కింది నుంచి పైకి గులాబీ రంగులోకి మారడం మామూలే. పైనుంచి మారుతుంటే బ్రీదర్ పైభాగంలోనో పైపు జాయింట్‌లోనో గాలి చొరబడుతోంది. త్వరత్వరగా మారుతుంటే అడుగున ఆయిల్ కప్పు ఎండిపోయిందేమో చూడండి. వానాకాలమంతా గడిచినా రంగు మారకపోతే సంబరపడొద్దు, బ్రీదర్ మూసుకుపోయి గాలి వేరే గ్యాస్కెట్ సందులోంచి వెళ్తుండొచ్చు.

మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) రీడింగ్ తక్కువొస్తే ముందు బుషింగులు (ట్యాంకులోంచి తీగలు బయటికొచ్చే చోట ఉండే ఇన్సులేటర్లు) తుడిచి మళ్లీ చూడండి. చాలాసార్లు దుమ్ము, తడే కారణం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రీడింగ్ సుమారు సగమవుతుంది, అదీ లెక్కలో పెట్టుకోండి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, రెండు వైపులా ఐసొలేట్ చేసి, ఎర్త్ చేశాకే చెయ్యి పెట్టాలి. పరీక్ష సమయంలో మాత్రమే వైండింగ్ ఎర్త్ తీసి, అయ్యాక డిశ్చార్జ్ చేయాలి.

ఆయిల్ గోధుమ రంగుకు తిరిగి ఘాటు వాసనొస్తే ఆమ్లత్వం పరీక్షించండి. మామూలు ఫిల్టరేషన్ నీటిని, చెత్తను తీస్తుందే గానీ ఆమ్లాన్ని తీయదు. ఫుల్లర్స్ ఎర్త్ అనే, ఆమ్లాన్ని పీల్చే బంకమట్టితో శుద్ధి చేయాలి, లేదా ఆయిల్ మార్చాలి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది గ్యాస్ రిపోర్టులో (ఆయిల్‌లో కరిగిన వాయువుల పరీక్షలో) కార్బన్ మోనాక్సైడ్ క్రమంగా పెరగడం. అంటే కాగితం మాడుతోందని అనుమానించాలి. మామూలు క్రాఫ్ట్ కాగితానికి హాట్ స్పాట్ (వైండింగ్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు) 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. రేడియేటర్ వాల్వులు తెరిచి ఉన్నాయా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా చూసి, లోడు తగ్గించి, కాగితం ఎంత పాడైందో ఆయిల్‌ను బట్టి చెప్పే ఫ్యూరాన్ పరీక్షకు శాంపిల్ పంపండి.