విశాఖ డాబా మీద ‘ఎడ్ వుడ్’ వేయాలంటే

హాలీవుడ్ దర్శకుడు ఎడ్ వుడ్ జీవితంపై టిమ్ బర్టన్ 1994లో తీసిన ఈ సినిమా పూర్తిగా బ్లాక్ అండ్ వైట్. చిక్కంతా అక్కడే. ప్రొజెక్టర్ ‘వివిడ్’ మోడ్‌లో ఉంటే తెల్లరంగు నీలంగా, నీడలు ఆకుపచ్చగా తేలతాయి. ‘సినిమా’ మోడ్ పెట్టి, కలర్ టెంపరేచర్ (తెలుపులో నీలం, పసుపు ఛాయ ఎంతో చెప్పే అంకె) 6500 కెల్విన్‌కి దించండి. శాచురేషన్ (రంగుల గాఢత) సున్నా చేసినంత మాత్రాన ఆ ఛాయ పోదు, అది ప్రొజెక్టర్ తెలుపులోనే ఉంటుంది.

120 అంగుళాల తెరకు సుమారు 8.7 అడుగుల వెడల్పు కావాలి. త్రో రేషియో (ప్రొజెక్టర్ దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 అయితే ప్రొజెక్టర్ 13 అడుగుల దూరంలో ఉండాలి. బీచ్ రోడ్డు వైపు డాబాలైతే సముద్రపు గాలికి తెర తెరచాపలా ఉబ్బుతుంది, ఫోకస్ చెడుతుంది. తెర కింది అంచులో పీవీసీ పైపు దూర్చి, నాలుగు మూలలా తాడుతో బిగించండి.

ఏసీ గదిలోంచి తెచ్చిన ప్రొజెక్టర్‌ని వెంటనే ఆన్ చేయొద్దు. మన ఉక్కపోతకి చల్లటి లెన్స్ మీద తేమ పడుతుంది. తుడిస్తే మరకలే. బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచండి.

నిడివి 127 నిమిషాలు. ముందుగా ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’లో శ్మశానం సీన్లు ఓ పావుగంట చూపించండి. అట్ట సమాధులు కదులుతున్నా ఆ మనిషి ఎంత నమ్మకంగా తీశాడో కళ్లారా చూశాకే అసలు సినిమా మనసుకెక్కుతుంది. ‘ప్లాన్ 9’ది పాత 4:3 ఫ్రేము, సాగదీయకండి. ‘ఎడ్ వుడ్’లో పాతకాలపు డ్రాకులా నటుడు బేలా లుగోసీగా చేసినందుకు మార్టిన్ లాండావ్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ పాత్ర మాటలో హంగేరియన్ యాస గట్టిగా ఉంటుంది, అందుకే సబ్‌టైటిల్స్ తప్పనిసరి. బయటివాళ్లని పిలిస్తే హక్కుదారుల అనుమతి ముందే తీసుకోండి.