భర్తకో భార్యకో యాంగ్జయిటీ మందులు మొదలైతే పక్కనున్నవాళ్ళు చూసుకోవాల్సినవి

యాంగ్జయిటీకి డాక్టర్ టాబ్లెట్ రాస్తే చాలామంది మొదటి వారంలోనే ఆపేస్తారు, ఎందుకంటే మందు గుణం కనపడ్డానికి మూణ్ణాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుంది గానీ సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం మర్నాడే వచ్చి కూర్చుంటాయి. ఆ మధ్యలో గ్యాప్ ఉంది చూశారా, దాన్ని దాటించడమే మన అసలు డ్యూటీ. ధైర్యం చెప్పడానికి ఊరంతా ఉంటుంది, ఇది మాత్రం ఇంట్లో మనిషే చెయ్యాలి. మా ఆయన కొంతకాలంగా వాడుతున్నారు కాబట్టి రాస్తున్నా, నేను డాక్టర్ని కాదు, డోస్ ఎంత అని మాత్రం నన్ను అడక్కండి.

మన దగ్గర ఎక్కువగా ముందు రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఇలాంటివాటిని ఎస్ఎస్ఆర్ఐలు అంటారు. ఎస్సిటాలోప్రామ్ అయితే మామూలుగా 5 ఎంజీతోనో 10 ఎంజీతోనో మొదలుపెట్టి మనిషిని బట్టి పెంచుతారు. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, నోరెండిపోవడం, చెమటలు, కొందరికి లూజ్ మోషన్స్, కొందరికి రాత్రి నిద్ర పట్టదు, కొందరు పగలంతా తూగుతూనే ఉంటారు, ఊరికే ఆవలింతలు కూడా వస్తాయి. వీటన్నిటికంటే కంగారు పెట్టేది ఇంకోటుంది, మొదట్లో గాభరా తగ్గకపోగా కాస్త పెరగొచ్చు. ఈ సంగతి టాబ్లెట్ మొదలుపెట్టక ముందే ఇద్దరికీ తెలిసుండాలి, లేకపోతే మూడో రోజు రాత్రి ఒంటిగంటకి లేచి కూర్చుని "ఈ మందు నాకు పడట్లేదే, పిచ్చెక్కేలా ఉంది" అంటారు, మనకీ నిజమేనేమో అనిపిస్తుంది. వికారం ఉంటే ఏదైనా తిన్నాక వేసుకోవచ్చు, నిద్ర చెడుతుంటే పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగొచ్చు. ఫిల్టర్ కాఫీ రోజుకి నాలుగు గ్లాసులు లాగించే అలవాటుంటే అది కూడా తగ్గించాలి, గుండె దడకి అదొక్కటి చాలు.

ఈ మొదటి వారాలు గట్టెక్కడానికే చాలామంది డాక్టర్లు తోడుగా క్లోనాజెపామ్ లాంటిది కొద్దిరోజులకి రాస్తారు. అది వెంటనే పనిచేస్తుంది, అదే దాంతో గొడవ కూడా, హాయిగా ఉంది కదా అని నెలలకి నెలలు వాడితే అలవాటు పడిపోతుంది. మత్తుగా ఉంటుంది కాబట్టి బండి నడపడం జాగ్రత్త, మందు పార్టీలు అసలొద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇక్కడ మెడికల్ షాపులో ఓ తిరకాసు ఉంటుంది. ఎస్సిటాలోప్రామ్ విడిగానూ దొరుకుతుంది, క్లోనాజెపామ్‌తో కలిపీ దొరుకుతుంది, పేర్లు దాదాపు ఒకటే, చివర ప్లస్ లాంటి తోక ఒకటి ఉంటుంది అంతే. మాకు ఒకసారి షాపతను "ఆ కంపెనీది అయిపోయిందండీ, ఇదీ సేమే" అని ఇచ్చిన స్ట్రిప్ తిప్పి వెనక చిన్నక్షరాలు చదివితే రెండో మందు కూడా ఉంది అందులో. కంపెనీ మారినా పర్లేదు గానీ మందు పేరూ ఎంజీ చీటీలో ఉన్నట్టే ఉన్నాయా లేదా అని కౌంటర్ దగ్గరే చూసుకోండి.

ఇక నోట్స్. డాక్టర్ గారి దగ్గర మనకి దొరికేది ఐదు నిమిషాలు, అందులో "ఎలా ఉంది" అంటే ఈయన "పర్లేదు సార్" అంటారు, అయిపోయింది. అందుకే ఫోన్‌లో రోజూ ఒక్క లైను రాయండి, ఎన్నింటికి వేసుకున్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు, తిండి ఎలా ఉంది, కొత్తగా ఏం వచ్చింది. దొంగతనంగా కాదు, వాళ్ళకి చెప్పి, వాళ్ళకి చూపించి రాయాలి, లేకపోతే జైలు వార్డెన్‌లా అయిపోతాం మనం. మూడు వారాల లైన్లు వరసగా చూస్తే వికారం పోయింది, నిద్ర నాలుగు నుంచి ఆరు గంటలకి వచ్చింది అని వాళ్ళకే కనపడుతుంది, ఆ మనిషికి అదే పెద్ద ధైర్యం.

పానిక్ ఎటాక్, అంటే ఒక్కసారిగా విపరీతమైన గాభరా వచ్చినప్పుడు "కూల్, ఏం కాదు, ఎక్కువ ఆలోచించకు" అనకండి, ఆలోచించకుండా ఉండగలిగితే ఈ గోలెందుకు. పక్కన కూర్చుని మెల్లగా గాలి వదలమనండి, పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి, మామూలుగా పది నిమిషాల్లో పీక్‌కి వెళ్ళి అక్కణ్ణించి దిగుతుంది. కానీ మొదటిసారి గుండె నొప్పి అంటే మాత్రం యాంగ్జయిటీలే అని మనమే తేల్చెయ్యకూడదు, ఈసీజీ తీయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ, వణుకు వస్తాయి, ఆ టెస్ట్ చేయించారో లేదో కూడా అడగండి. ఇంకోటి, "నాకేం కాదుగా" అని పదిసార్లు అడిగితే పదిసార్లూ ఏం కాదు అని చెప్పడం ప్రేమే గానీ పదకొండోసారి అడిగేలా చేసేది కూడా అదే. "మళ్ళీ ఆ భయమే వచ్చినట్టుంది, కాసేపు అలా నడిచొద్దాం పద" అనడం మేలు.

ఎవరూ అడగని విషయం, పడకగది. ఈ మందులతో కోరిక తగ్గడం, ఆలస్యం కావడం, అసలు పూర్తికాకపోవడం చాలా మామూలు, వికారంలా రెండు వారాల్లో పోయేది కూడా కాదిది. మగాళ్ళు ఇది చెప్పలేక చల్లగా టాబ్లెట్ మానేస్తారు, ఆడవాళ్ళు అసలు నోరే ఎత్తరు, అవతలి మనిషేమో నా మీద ఇష్టం పోయింది అనుకుంటారు. ఇద్దరూ ముందే మాట్లాడుకోండి, డాక్టర్‌కి చెప్పండి, డోస్ మార్చడమో మందు మార్చడమో దారులున్నాయి వాళ్ళకి.

వెంటనే ఫోన్ చెయ్యాల్సినవి వేరే. చచ్చిపోవాలని ఉంది అనే మాట వచ్చినా, మనిషి ఒక్కసారిగా విపరీతంగా చిరాకుగా అశాంతిగా తయారైనా (పాతికేళ్ళ లోపు వాళ్ళలో మొదటి వారాల్లో, డోస్ మార్చినప్పుడు ఇది మరీ గమనించాలి), నిద్రే లేకుండా ఫుల్ హుషారుగా డబ్బు తగలేస్తున్నా ఆ రోజే చెప్పాలి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అలాంటప్పుడు ఒంటరిగా వదలకండి. డాక్టర్ దొరక్కపోతే ప్రభుత్వ టెలీ మానస్ 14416 ఉంది, 2022లో పెట్టారు, 24 గంటలూ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ప్రాణం మీదకొస్తే మాత్రం నేరుగా హాస్పిటల్‌కే.

నొప్పులకి వేరే డాక్టర్ దగ్గరికెళ్ళినా ఈ టాబ్లెట్ సంగతి చెప్పాల్సిందే. ట్రమడాల్ లాంటివి దీంతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, అయోమయం రావచ్చు, అది ఎమర్జెన్సీ. దీంతోపాటు ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ వేసుకుంటే కడుపులో రక్తస్రావం రిస్క్ పెరుగుతుంది.

చుట్టాలు ఎలాగూ ఊరుకోరు. "ఆ మందులు వేసుకుంటే జీవితాంతం వేసుకోవాలమ్మా, ఆపించెయ్" అని మా అత్తయ్యగారే అన్నారు, మంచికే అన్నారు, కానీ ఎస్ఎస్ఆర్ఐలు క్లోనాజెపామ్‌లా ఇంకా కావాలి ఇంకా కావాలి అనిపించే రకం కాదు. నెలలు వాడి టక్కున ఆపితే మాత్రం తల తిరగడం, చిరాకు, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు జిల్లుమనడం ఉంటాయి, అది చూసి రోగం తిరగబెట్టింది అనుకుంటారు. ప్రెగ్నెన్సీ ప్లాన్ ఉన్నా సొంతంగా ఆపకుండా ముందే అడగాలి. బాగయ్యాక కూడా కనీసం ఆర్నెల్లు, ఏడాది కొనసాగించి అప్పుడు మెల్లగా తగ్గిస్తారు. తగ్గించే టైం మీరే చూసి డాక్టర్‌కి చెప్పండి, ఇంట్లో పెళ్ళి పనులు, ఇల్లు మారడం, కొత్త ఉద్యోగం ఇలాంటివి ఉన్న నెలల్లో వద్దని.