ట్రోపోనిన్ కార్డు వేసే ముందు నొప్పి ఎన్నింటికి మొదలైందో అడగండి

కావలిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ట్రోపోనిన్ కార్డు అంటే గుండెపోటు వచ్చిందేమో రక్తంతో చూసే చిన్న టెస్ట్ కార్డు.

ఛాతీ నొప్పితో ఎవరొచ్చినా ముందు ఈసీజీ తీయించాలి. కార్డు కోసం దాన్ని ఆపొద్దు. రక్తం తీస్తూనే "నొప్పి ఎన్నింటికి మొదలైంది?" అని అడిగి, ఆ టైం కార్డు అంచున పెన్నుతో రాసుకోండి. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. కార్డుకు దొరికేంతగా పెరగడానికి 3, 4 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన కార్డు పౌచ్‌ను వెంటనే చింపొద్దు. మన సముద్రపు ఉక్కకి చల్లటి స్ట్రిప్ మీద చెమ్మ పడుతుంది. చల్లదనం పోయాకే చింపండి. వీలుంటే సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవంతో చేయండి. హోల్ బ్లడ్ (వేరు చేయని రక్తం) అయితే స్ట్రిప్ ఎర్రబారి సన్న గీత కనబడకపోవచ్చు. కిట్ కాగితంలో చెప్పినన్ని చుక్కలు వేసి టైమర్ నొక్కండి.

లేత ఎరుపు తడి స్ట్రిప్ మీద మెల్లగా పాకుతుంది. ఆ ఎరుపు బంగారు నానో రేణువులది. బంగారం అంత చిన్నదైతే పచ్చ కాంతిని పీల్చుకుని ఎర్రగా కనిపిస్తుంది. రేణువులకు అంటించిన యాంటీబాడీలు ట్రోపోనిన్‌ను పట్టుకుపోతాయి. టీ (టెస్ట్) గీత దగ్గర కాచుకున్న ఇంకో యాంటీబాడీ దాన్ని అక్కడే ఆపేస్తుంది. రేణువులు గుమిగూడితే గీత పడుతుంది. రీడర్ మిషన్ ఉంటే గీత ఎంత ముదురో కొలిచి నంబర్ చెబుతుంది.

మా కిట్‌లో 15 నిమిషాలకు చూడాలి. సీ (కంట్రోల్) గీత, అంటే కార్డు సరిగా పనిచేసిందని చెప్పే గీత రాకపోతే కార్డు పారేసి ఇంకోటి వేయండి. టీ దగ్గర దారప్పోగంత గీత ఉన్నా పాజిటివే. నేనైతే ట్యూబ్‌లైట్ కింద తెల్ల కాగితం మీద పెట్టి చూస్తాను. ఎప్పుడో ఆలస్యంగా తేలిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

కొత్తలో వేరే చోట పనిచేసేటప్పుడు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఆయన రాత్రి వచ్చాడు. నొప్పి మొదలై గంటే అయింది. గీత పడలేదు. "నెగెటివ్" అని ఒక్క ముక్క రాసిచ్చాను. గ్యాస్ అనుకుని ఇంటికి పంపేశారు. తెల్లారేసరికి వాళ్లావిడ ఆటోలో తీసుకొచ్చింది. ఈసారి టైమర్ మోగకముందే టీ గీత చిక్కగా పడింది. నెల్లూరు పంపించారు, బతికాడు. ఆ రెండు కార్డులూ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

అందుకే రిపోర్టులో నొప్పి మొదలైన టైం, శాంపిల్ తీసిన టైం రెండూ రాయండి. గీత రాకపోతే "3 గంటల తర్వాత మళ్లీ చేయాలి" అని కింద రాసి, డ్యూటీ డాక్టర్‌కి నోటితో కూడా చెప్పండి.