ఈబీవీ హెచ్‌ఎల్‌హెచ్: బిడ్డను మూలకణ మార్పిడికి సిద్ధం చేయడం

ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) చాలామంది పిల్లలకు మామూలు జ్వరంలా వచ్చిపోతుంది. కొందరిలో మాత్రం రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత కాలేయం, ప్లీహం, మజ్జ మీదే పడతాయి. అదే హెచ్‌ఎల్‌హెచ్ (హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్). జ్వరం తగ్గదు, ప్లీహం వాస్తుంది, ప్లేట్‌లెట్లు లక్షలోపుకు పడిపోతాయి, ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్) పెరుగుతుంది.

ఇలాంటి ప్రతి బిడ్డకూ మూలకణ మార్పిడి (దాత మజ్జలోని రక్త మూలకణాలను ఎక్కించడం) అక్కర్లేదు. జన్యులోపం లేకుండా, జబ్బు మందులకు పూర్తిగా లొంగితే ఆగి చూడవచ్చు. తిరగబెట్టినా, పెర్ఫోరిన్, ఎస్‌హెచ్2డి1ఎ, ఎక్స్‌ఐఏపీ వంటి జన్యువుల్లో లోపం తేలినా మార్పిడి గురించి ఆలోచించాల్సిందే. అందుకే జన్యు పరీక్షకు నమూనా మొదటి వారంలోనే పంపించండి.

తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ (దాత కణాలు సరిపోతాయో లేదో తేల్చే కణాల గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. కలిసిందనగానే సరే అనుకోకండి. పైకి హుషారుగా తిరిగే తమ్ముడిలోనూ అదే జన్యులోపం ఉండొచ్చు. అతని మజ్జ ఎక్కిస్తే జబ్బును మళ్లీ నాటినట్టే. అతనికీ జన్యు పరీక్ష అయ్యాకే దాతగా ఒప్పుకోండి. ఇంట్లో ఎవరూ కుదరకపోతే దాత్రి వంటి దాతల రిజిస్ట్రీలో వెతుకుతారు, లేదా సగం కలిసే తల్లిదో తండ్రిదో తీసుకుంటారు.

రక్తం విషయంలో మరీ జాగ్రత్త. చుట్టాలందరూ ఇవ్వడానికి ముందుకొస్తారు. వాళ్లు బ్లడ్ బ్యాంకుకు ఇవ్వొచ్చు, కానీ రక్తసంబంధీకుల రక్తం ఈ బిడ్డకు ఎక్కించకూడదు. దానివల్ల కుటుంబ దాత కణాలను బిడ్డ శరీరం తిప్పికొట్టే ముప్పు పెరుగుతుంది. ఎక్కించే ప్రతి సంచీ ఇర్రేడియేట్ (రేడియేషన్‌తో శుద్ధి) చేసిందేనా అని అడగండి.

డెక్సామెథసోన్, ఎటొపొసైడ్, ఈబీవీకి రిటుక్సిమాబ్ అనే మందులతో ముందు జబ్బును చల్లార్చాలి. అది రగులుతుండగా మార్పిడికి వెళ్తే ఫలితాలు బాగా దెబ్బతింటాయి. కండిషనింగ్‌లోనూ (మార్పిడికి ముందు పాత మజ్జను తొలగించే మందుల్లోనూ) మోతాదు ఎక్కువైతే మేలనుకోవద్దు. ఎక్స్‌ఐఏపీ లోపమున్న పిల్లలు పూర్తి మోతాదును తట్టుకోలేరు, ఫ్లూడరాబిన్, మెల్ఫలాన్, అలెంటుజుమాబ్‌తో తగ్గించిన మోతాదే నయం. ఆ పద్ధతిలో పాత కణాలు కొన్ని మిగలొచ్చు. కంగారు పడకండి, దాత కణాలు 20-30 శాతం పైన నిలిస్తే జబ్బు సాధారణంగా తిరగబెట్టదు.

న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వరుసగా 3 రోజులు మైక్రోలీటరుకు 500 దాటితే మజ్జ పట్టుకున్నట్టు. దాత కణాలు బిడ్డ మీద తిరగబడకుండా ఇచ్చే మందు సైక్లోస్పోరిన్. దాని లెవెల్ పరీక్ష ఉన్న రోజు రక్తం తీసేదాకా పొద్దుటి మోతాదు వేయకండి. ముందే వేస్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, దాత కణాలు బిడ్డ ఒంటి మీద తిరగబడతాయి. అరచేతుల్లో ఎర్రటి దద్దుర్లు, నీళ్ల విరేచనాలు, పచ్చకామెర్లు దాని గుర్తులు. పంపర పనస పెట్టకండి, అదీ లెవెల్ పెంచుతుంది. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో మిగతా పిల్లలకు పోలియో చుక్కలు వద్దు, ఇంజెక్షన్ వేయించండి.