బ్యాకప్ నుంచి ఫైల్స్ కాకుండా పర్మిషన్స్ మాత్రమే వెనక్కి తెచ్చుకోవడం ఎలా

లినక్స్ సర్వర్‌లో ఎవరో రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్‌గా) ఉండి తప్పు ఫోల్డర్ మీద సీహెచ్‌మోడ్ 777 (అందరికీ చదివే, రాసే, నడిపే హక్కులు ఇచ్చేసే కమాండ్) రికర్సివ్‌గా, అంటే లోపలున్న వాటన్నిటికీ కలిపి, కొట్టేశారు అనుకోండి. డేటాలో ఒక్క అక్షరం కూడా పోలేదు, పర్మిషన్లు మాత్రం మొత్తం గల్లంతు. ఇలాంటప్పుడు కంగారులో చాలామంది రాత్రి తీసిన బ్యాకప్ తెచ్చి ఉన్నదాని మీదే రీస్టోర్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు, బ్యాకప్ తర్వాత జనం ఎడిట్ చేసిన ఫైల్స్ అన్నీ పాత వెర్షన్‌కి వెళ్లిపోతాయి, అప్పుడు నిజంగానే డేటా పోయినట్టు. మనకి కావాల్సింది ఏ ఫోల్డర్‌కి ఎవరు ఓనర్, ఏ గ్రూప్, ఏ మోడ్ (ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పే నంబర్) అన్న సమాచారం ఒక్కటే, లైవ్ డేటాని ముట్టుకోకుండా దాన్ని విడిగా లాగొచ్చు.

అన్నిటికంటే ముందు, ఓపెన్‌గా ఉన్న రూట్ టెర్మినల్‌ని క్లోజ్ చేయకండి. సిస్టమ్ ఫోల్డర్లు కూడా దెబ్బతిన్నాయంటే రూట్ హక్కులు ఇచ్చే సుడో కమాండ్‌కి ఉండాల్సిన సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిచేలా చేసే గుర్తు) పోయి ఉంటుంది, ప్రైవేట్ కీ అందరూ చదవగలిగేలా ఉంటే దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ దాన్ని ఒప్పుకోదు, అంటే ఒకసారి బయటికొచ్చారా మళ్లీ లోపలికి వెళ్లే దారి ఉండకపోవచ్చు.

తర్వాత బ్యాకప్‌లో అసలు పర్మిషన్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేసిన బ్యాకప్ అయితే అందులో ఓనర్, మోడ్ ఉండవు, ఆ ఫైల్ సిస్టమ్‌కి వాటిని దాచుకునే చోటే లేదు. టార్ ఫైల్ (ఫైల్స్ అన్నిటినీ ఒకే కట్టగా చేసిన బ్యాకప్) అయితే మైనస్ టీవీఎఫ్‌తో లిస్ట్ చేస్తే మోడ్ మొదటి కాలమ్‌లో, ఓనర్, గ్రూప్ రెండో కాలమ్‌లో కనిపిస్తాయి. ఉన్నాయి అనుకుంటే, ఖాళీగా ఉన్న వేరే ఫోల్డర్‌లోకి, అది కూడా లినక్స్ ఫైల్ సిస్టమ్ మీదే, రూట్‌గా ఉండి ఎక్స్‌ట్రాక్ట్ చేయండి, మైనస్ పీ ఆప్షన్ పెట్టండి, రెస్క్యూ డిస్క్ (సిస్టమ్ లేవనప్పుడు బూట్ చేసే డిస్క్) నుంచి చేస్తుంటే న్యూమరిక్ ఓనర్ ఆప్షన్ కూడా తప్పనిసరి, ఎందుకంటే ఆ డిస్క్‌లో అదే యూజర్ పేరుకి వేరే నంబర్ ఉండొచ్చు. మామూలు యూజర్‌గా తీస్తే ఓనర్లందరూ మీరే అయిపోతారు, ఇక ఆ కాపీ ఎందుకూ పనికిరాదు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్స్‌లో పాత స్థితిని అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్ ఉంటే ఈ తలనొప్పే లేదు, నేరుగా అందులోంచి చదివేయొచ్చు.

ఇప్పుడు అసలు పని. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ అనే కమాండ్ ఉంది, ఫోల్డర్‌లో ఉన్న ప్రతిదాని పర్మిషన్లు టెక్స్ట్‌గా రాసిస్తుంది. బ్యాకప్ కాపీ ఫోల్డర్‌లోకి సీడీ చేసి, ఈ కమాండ్‌కి మైనస్ క్యాపిటల్ ఆర్ ఇచ్చి, పాత్‌గా ఒక్క చుక్క పెట్టి, అవుట్‌పుట్‌ని వేరే చోట ఒక ఫైల్‌లోకి పంపండి. ఆ చుక్క చాలా ముఖ్యం, పాత్‌లు రిలేటివ్‌గా వస్తేనే అదే లిస్ట్ లైవ్ ఫోల్డర్ మీద పనిచేస్తుంది. ఫైల్ తెరిచి చూస్తే ఒక్కో ఐటమ్‌కి ముందు పేరు, తర్వాత ఓనర్, గ్రూప్, సెట్‌యూఐడీ లేదా స్టిక్కీ (ఫోల్డర్‌లో ఒకరి ఫైల్‌ని ఇంకొకరు డిలీట్ చేయకుండా ఆపే గుర్తు) లాంటివి ఉంటే ఫ్లాగ్స్ అని ఒక లైన్, కింద యూజర్, గ్రూప్, అదర్ హక్కులు కనిపిస్తాయి. రెస్క్యూ డిస్క్ కేసులో ఇక్కడ కూడా మైనస్ ఎన్ ఇచ్చి నంబర్లే రాయించుకోండి.

లైవ్ ఫోల్డర్‌కి వెళ్లాక ముందు దాని ప్రస్తుత పరిస్థితిని కూడా ఇదే కమాండ్‌తో ఇంకో ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి. తర్వాత అక్కడే రూట్‌గా ఉండి ఇలాంటి లిస్ట్ చదివి పర్మిషన్లు పెట్టే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌కి రీస్టోర్ ఆప్షన్‌లో బ్యాకప్ నుంచి తీసిన లిస్ట్ ఇవ్వండి, మొదట టెస్ట్ ఆప్షన్‌తో కలిపి (ఏమీ మార్చకుండా ఫలితం మాత్రం చూపిస్తుంది), చూసుకున్నాక అది తీసేసి. ఓనర్, గ్రూప్, మోడ్, ఏసీఎల్ (ఒక్కో యూజర్‌కి విడిగా ఇచ్చిన అదనపు హక్కులు) అన్నీ తిరిగి కూర్చుంటాయి, ఫైల్ లోపల ఉన్న డేటా జోలికి వెళ్లదు. ఈ మధ్య డిలీట్ అయిన ఫైల్స్ గురించి ఎర్రర్లు వస్తాయి, వాటికి భయపడక్కర్లేదు, మిగతావి మాత్రం ఒకసారి చదవండి.

బ్యాకప్ తర్వాత పుట్టిన ఫైల్స్ ఆ లిస్ట్‌లో ఉండవు కాబట్టి అవి ఇంకా 777లోనే ఉంటాయి, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఫైండ్‌తో, పర్మ్ ఆప్షన్‌కి మైనస్ 0002 ఇచ్చి, అందరూ రాయగలిగేవన్నీ వెతకండి, సిమ్‌లింక్‌లని (ఇంకో ఫైల్‌కి దారి చూపే షార్ట్‌కట్‌లని) వదిలేయండి, అవి ఎప్పుడూ 777గానే కనిపిస్తాయి. టెంప్ ఫోల్డర్ 1777 ఉండటం కరెక్టే, దాన్ని మార్చొద్దు.

చేత్తో సరిచేయాల్సి వస్తే ముందు ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్, తర్వాతే సీహెచ్‌మోడ్. ఓనర్ మారిస్తే ప్రోగ్రామ్ ఫైల్స్ మీద సెట్‌యూఐడీ బిట్ పోతుంది, అందుకే తిరగేసి చేస్తే చేసిన పని వృథా. ఒకటి రెండు ఫోల్డర్లే అయితే ఇంత తతంగం అక్కర్లేదు, రెండు కమాండ్లకీ రెఫరెన్స్ ఆప్షన్ ఉంది, బ్యాకప్‌లో ఉన్న ఫోల్డర్‌ని చూపిస్తే దానిలాగే పెట్టేస్తుంది. ఎస్ఈలినక్స్ లేబుల్స్ (ఆ అదనపు భద్రతా వ్యవస్థ ఫైల్స్‌కి పెట్టే గుర్తులు), ఫైల్ కేపబిలిటీస్ (ఒక ప్రోగ్రామ్‌కి ఇచ్చే రూట్ హక్కుల్లో కొన్ని) మాత్రం ఈ లిస్ట్‌లో రావు, లేబుల్స్‌కి రీస్టోర్‌కాన్ నడపాలి, కేపబిలిటీస్‌ని బ్యాకప్ కాపీలో గెట్‌క్యాప్‌తో చూసి సెట్‌క్యాప్‌తో పెట్టాలి. అయితే టార్ తీసేటప్పుడూ విప్పేటప్పుడూ ఎక్స్‌ఆట్రిబ్యూట్స్ ఆప్షన్ ఇవ్వకపోతే కేపబిలిటీస్ ఆ కాపీలో కూడా ఉండవు, ఏసీఎల్‌కి కూడా విడిగా ఆప్షన్ ఉంది, అదీ అంతే.

విండోస్‌లో పర్మిషన్ల కోసం ఉన్న ఐక్యాక్ల్స్ కమాండ్‌కి సేవ్, రీస్టోర్ అని దాదాపు ఇలాంటివే ఉన్నాయి, కాకపోతే సేవ్ చేసినది ఫోల్డర్‌నే అయితే రీస్టోర్‌కి దాని పైన ఉన్న పేరెంట్ ఫోల్డర్ పాత్ ఇవ్వాలి.

ఇంకోటి, బ్యాకప్ స్క్రిప్ట్‌లోనే ఈ గెట్‌ఎఫ్‌ఏసీఎల్ లైన్ ఒకటి చేర్చేయండి. డేటాతో పోలిస్తే ఆ టెక్స్ట్ ఫైల్ చాలా చిన్నది, రోజూ తీసినా భారం కాదు, అది ఉంటే ఇంకోసారి బ్యాకప్ మొత్తం విప్పే పనే ఉండదు. ఆ ఫైల్‌కి మాత్రం 600 పెట్టి రూట్ చేతిలోనే ఉంచండి, మీ సర్వర్‌లో ఉన్న ఫైల్ పేర్లన్నీ అందులో ఉంటాయి.